గ్రీష్మంలో గోదావరి వరద

2022 జులై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే జారీ చేస్తారు. 1986 ఆగస్టు నాటి 75.6 అడుగుల తర్వాత అంతటి వరదను ఆ ఊరు చూడలేదు. వంతెన మీద రాకపోకలు ఆపేశారు, పల్లపు కాలనీల జనాన్ని పునరావాస కేంద్రాలకు తరలించారు. ఆ రోజు ఆషాఢ బహుళ పక్షం నడుస్తోంది. తెలుగు పంచాంగం లెక్కలో అది గ్రీష్మ ఋతువు. ఆ ఏడు శ్రావణం వచ్చింది జులై 29న. అంటే గోదావరి కరకట్టల అంచులు తాకుతున్న రోజున కూడా, పంచాంగం ప్రకారం వర్ష ఋతువు మొదలవడానికి ఇంకా పదమూడు రోజులు మిగిలి ఉన్నాయి.

ఏదో ఒక ఏడాది అలా జరిగిందని సర్దిచెప్పుకోవడానికి వీల్లేదు. 2024 సంగతి చూడండి. ఉగాది ఏప్రిల్ 9న వచ్చింది, వైశాఖ అమావాస్య జూన్ 6న. ఈ రెండు నెలలూ వసంతమే. తెలంగాణలో ఎండ 46 డిగ్రీలు దాటిన మే మొదటి వారం ఈ వసంతంలోదే. రెండు రాష్ట్రాల ఓటర్లు తలమీద తువ్వాళ్లు కప్పుకుని వరసల్లో నిలబడిన మే 13 పోలింగూ ఈ వసంతంలోదే. మే 30న నైరుతి ఋతుపవనాలు కేరళను తాకాయి, జూన్ తొలి వారంలోనే తెలుగు నేల మీదికి వచ్చేశాయి. గ్రీష్మం మొదలు కాకముందే తొలకరి పడిపోయింది!

చైత్ర వైశాఖాలు వసంతం, చెట్లు చిగురిస్తాయి. జ్యేష్ఠ ఆషాఢాలు గ్రీష్మం, ఎండలు మండుతాయి. శ్రావణ భాద్రపదాలు వర్ష ఋతువు, వానలు కురుస్తాయి. ఇలా ఆరూ అప్పజెప్పని తెలుగు పిల్లలు ఉండరు. దీని వెనక గట్టి నమ్మకం ఒకటి ఉంది. ఋతువుకు మొదటి రోజంటూ ఒకటి ఉందనీ, దాన్ని ఆకాశం నిర్ణయిస్తుందనీ, పంచాంగకర్త లెక్కకట్టి చెబుతాడనీ, ప్రకృతి ఆ ప్రకారమే నడుస్తుందనీ ఆ నమ్మకం. దీన్ని పాతకాలపు మాటగా తోసిపుచ్చే చదువుకున్నవాళ్లు కూడా తీరా చేసేది తేదీ మార్చడమే. ఉగాది స్థానంలో మార్చి 21ని, సంక్రాంతి స్థానంలో డిసెంబరు 21ని పెట్టి, ఇదే శాస్త్రీయమంటారు. ఇరుపక్షాలకూ ఉన్న భరోసా ఒక్కటే: సూర్యుడు ఎక్కడున్నాడో తెలిస్తే ఋతువు తెలిసిపోయినట్టే అని. ఆ భరోసా తెలుగు నేల మీద ఏ కోణంలో చూసినా నిలవదు.

పాఠం చెప్పే బడినే సాక్ష్యం అడుగుదాం. మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలవుతాయి. పంచాంగం లెక్కలో అది ఫాల్గుణం, శిశిర ఋతువు. ఏప్రిల్ నాలుగో వారంలో వేసవి సెలవులు ఇస్తారు, జూన్ 12న బడి తెరుస్తారు. అంటే వేసవి సెలవుల్లో అధికభాగం పాఠ్యపుస్తకపు వసంతంలో గడిచిపోతుంది. ఎండలు మండే గ్రీష్మమని పుస్తకం చెప్పే జ్యేష్ఠ ఆషాఢాల్లో పిల్లలు గొడుగులేసుకుని బడికొస్తారు. విద్యాశాఖ తన సెలవుల జాబితా తయారు చేసుకునేటప్పుడు తన పాఠాన్ని తానే పక్కన పెడుతోంది, అది సరైన పని కూడా. ఆ సరైన పని తరగతి గదిలోకి ఎందుకు రాదన్నదే ప్రశ్న.

పండుగలు మరింత గట్టి సాక్ష్యం చెబుతాయి. ఏరువాక పున్నమి జ్యేష్ఠంలో వస్తుంది. ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగులేసి, అరక కట్టి దుక్కి మొదలుపెట్టే రోజది. నేల తడవకుండా అరక సాగదు కదా. ఋతువుల పట్టికలో మాత్రం ఆ రోజు నడి గ్రీష్మం! హైదరాబాద్ బోనాలు ఆషాఢంలో వస్తాయి, నెత్తిన బోనమెత్తుకున్న ఆడపడుచులు వానలో తడుస్తూ గుడికి నడవడం ఏటా చూసేదే. ఉగాది పచ్చడిలో పడేది మామిడి పూత కాదు, పుల్లటి మామిడి పిందె. తెలుగు జిల్లాల్లో మామిడి డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా పూస్తుంది. మోదుగ ఫిబ్రవరి, మార్చి నెలల్లో విరగబూస్తుంది. వసంతానికి గుర్తులని కవులు చెప్పిన పూతలూ పూలూ ఉగాది నాటికి చాలావరకు అయిపోయి ఉంటాయి. రైతు పండుగ, ఊరి దేవత పండుగ, వంటింటి పచ్చడి మూడూ ఒక వైపు నిలబడ్డాయి. ఆరు ఋతువుల పట్టిక ఒక్కటే మరో వైపు మిగిలింది.

పట్టికను సమర్థించేవాళ్లు సంప్రదాయం పేరు చెబుతారు. సంప్రదాయం ఈ విషయంలో ఎన్నడూ ఒక్క గొంతుతో మాట్లాడలేదు. ఐతరేయ బ్రాహ్మణం హేమంత శిశిరాలను ఒకటిగా కలిపి ఐదు ఋతువులే లెక్కించింది. సుశ్రుత సంహిత సూత్రస్థానం ఆరో అధ్యాయంలో రెండు పట్టికలున్నాయి. మొదటిది అందరూ ఎరిగినదే. రెండోదాంట్లో శిశిరం లేదు, దాని బదులు వానల మొదటి భాగానికి ప్రావృట్టు అనే ఋతువు ఉంది. అందులో ఫాల్గుణ చైత్రాలు వసంతం, వైశాఖ జ్యేష్ఠాలు గ్రీష్మం, ఆషాఢ శ్రావణాలు ప్రావృట్టు, భాద్రపద ఆశ్వయుజాలు వర్షం. రోగికి ఎప్పుడు ఏ చికిత్స చేయాలో తేల్చుకోవాల్సిన వైద్యుడు తన కంటి ముందున్న వాతావరణాన్ని బట్టి నెలలు సర్దుకున్నాడు. భద్రాచలం వరదకు ఆ రెండో పట్టిక అతికినట్టు సరిపోతుంది. అంత పాత గ్రంథానికి ఉన్న వెసులుబాటును ఇవాళ్టి పాఠ్యపుస్తకం తనకు తాను ఇచ్చుకోలేకపోవడం విచారకరం.

ఇక ఆకాశం సంగతి. భూమి అక్షం నెమ్మదిగా దిశ మార్చుకుంటూ దాదాపు 26,000 ఏళ్లకు ఒక చుట్టు తిరుగుతుంది. అందువల్ల నక్షత్రాలను ఆధారం చేసుకున్న నిరయన లెక్క, ఋతువులను నడిపే సాయన లెక్క నుంచి దాదాపు 71 ఏళ్లకు ఒక రోజు చొప్పున జరిగిపోతూ ఉంటుంది. సూర్యుడు నిజంగా ఉత్తరానికి మళ్లేది డిసెంబరు 21 లేదా 22న. మకర సంక్రాంతి వచ్చేది జనవరి 14 లేదా 15న. స్వామి వివేకానంద పుట్టిన 1863లో అదే సంక్రాంతి జనవరి 12న వచ్చింది. ఒక మనిషి పుట్టినరోజుకూ ఇప్పటికీ మధ్య ఈ జరుగుబాటు కళ్లకు కనిపిస్తోంది. ఉత్తరాయణ పుణ్యకాలమని స్నానాలు చేసే రోజుకు సూర్యుడు ఉత్తరానికి మళ్లి మూడు వారాలు దాటిపోయి ఉంటుంది.

పూర్వులకు ఇది తెలియదని అనుకోవడం వాళ్లకు అన్యాయం చేయడమే. వేదాంగ జ్యోతిషం ఉత్తరాయణాన్ని ధనిష్ఠ మొదట్లో పెట్టింది. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో, పూర్వ శాస్త్రాల్లో అలా చెప్పారు గానీ ఇప్పుడు అది మకరాదిన జరుగుతోందని తేడాను గుర్తించి రాశాడు. కంటికి కనిపించినదాన్ని బట్టి పాత మాటను సవరించిన ధైర్యం అది. ఆ పని మళ్లీ చేయడానికి స్వతంత్ర భారతం 1952లో మేఘనాథ్ సాహా అధ్యక్షతన పంచాంగ సంస్కరణ సంఘాన్ని వేసింది. పండుగలు తమ ఋతువుల నుంచి దాదాపు 23 రోజులు జరిగిపోయాయని 1955 నివేదికలో ఆ సంఘం తేల్చింది. సాయన లెక్కతో కూడిన జాతీయ పంచాంగం 1957 మార్చి 22న అమల్లోకి వచ్చింది. ప్రభుత్వ గెజిట్ మీద శక సంవత్సరపు తేదీ ఉంటుంది, ఇంట్లో గోడకు వేలాడే పంచాంగం మాత్రం పాత దారినే పోతోంది. సాహా జరుగుబాటును ఆపే దారి చూపించారు, అందుకు ఆయనకు ఎంత కృతజ్ఞత చెప్పినా తక్కువే. అయినా ఆ దిద్దుబాటు సగమే. కాశ్మీరుకూ కడపకూ ఒకే రోజున ఋతువు మారుతుందన్న ఊహ అందులోనూ మిగిలిపోయింది.

ఈ మధ్య వినిపిస్తున్న సమాధానం ఇంకొకటుంది. పూర్వం అన్నీ సవ్యంగానే ఉండేవి, వాతావరణ మార్పు వల్లే ఋతువులు గతి తప్పాయి అని. వాతావరణ మార్పు నిజం, ఎండల తీవ్రత పెరగడం నిజం. ఆ నిజాన్ని తీసుకొచ్చి పంచాంగపు తప్పు మీద కప్పడం రెండింటికీ చేటు. కేరళకు జూన్ 1 అనే ఋతుపవనాల సగటు తేదీ 1901 నుంచి 1940 వరకు కొలిచిన వానల నుంచి వచ్చింది. 2020లో వాతావరణ శాఖ 1961 నుంచి 2019 దాకా ఉన్న సమాచారంతో తేదీలన్నీ మళ్లీ లెక్కవేసినా, కేరళ తేదీ కదల్లేదు. తెలుగు నేలకు జూన్ మొదటి, రెండు వారాల్లోనే వానలు రావడం తాతల కాలం నుంచి ఉన్న మాటే. అది మామూలుగా జ్యేష్ఠ మాసం. అంటే మన ముత్తాతల కాలంలోనూ వానలు గ్రీష్మంలోనే మొదలయ్యేవి.

అయితే మార్చి 21ని నమ్ముదామా? ఈ రెండో పక్షం వాదనను ఒక్క లెక్క కూలదోస్తుంది. హైదరాబాదులో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చి, నిలువుగా నిలబెట్టిన కర్రకు నీడ లేకుండా పోయే రోజులు ఏడాదికి రెండు. ఒకటి మే 9 ప్రాంతంలో, రెండోది ఆగస్టు 3 ప్రాంతంలో. ఆ రెండు మధ్యాహ్నాలూ సూర్యుడి ఎత్తు ఒక్కటే, పగటి నిడివి ఒక్కటే. మే నెలలో హైదరాబాద్ సగటు గరిష్ఠ ఉష్ణోగ్రత 39 డిగ్రీల దరిదాపు, ఆగస్టులో 30 దరిదాపు. ఆకాశంలో తేడా ఏమీ లేకుండా నేల మీద తొమ్మిది డిగ్రీల తేడా ఎలా వచ్చింది? మధ్యలో మేఘం వచ్చింది, నేల తడిసింది, గాలి దిశ మారింది. ఋతువును చేసేవి ఇవి. సూర్యుడు మూలకారణమే, కానీ సముద్రం, కొండలు, గాలి కలిసి ఆ వేడిని ఎక్కడ ఎప్పుడు ఎలా పంచుతాయో సూర్యుడి స్థానాన్ని చూసి చెప్పలేం. జూన్ 21న పగలు అత్యంత దీర్ఘం. ఆ తేదీకి వేసవి మొదలవుతుందనే లెక్క తెలుగు నేలకు ఏ విధంగానూ పొసగదు, అప్పటికి ఇక్కడ వేసవి ముగిసి ఉంటుంది.

ఆ తేదీలను పుట్టించిన దేశాల్లో కూడా వాతావరణ శాస్త్రజ్ఞులు వాటిని పట్టుకు వేలాడటం లేదు. బ్రిటన్ వాతావరణ కార్యాలయం తన గణాంకాలకు వసంతాన్ని మార్చి 1 నుంచి లెక్కిస్తుంది. ఆస్ట్రేలియాలో వసంతం సెప్టెంబరు 1న మొదలవుతుంది. మెల్‌బోర్న్ తెలుగువాళ్లు ఉగాది పూజలో వసంత ఋతువని సంకల్పం చెప్పుకునేటప్పుడు బయట శరత్తు నడుస్తూ ఉంటుంది. వీటన్నిటికన్నా స్వీడన్ పద్ధతి మేలైనది. అక్కడి వాతావరణ సంస్థకు వసంతం తేదీ కాదు, కొలత. రోజువారీ సగటు ఉష్ణోగ్రత వరసగా ఏడు రోజులు సున్నాకు పైన ఉంటే ఆ ఊరికి వసంతం వచ్చినట్టు. అది ఫిబ్రవరి 15కు ముందు జరిగితే లెక్కలోకి రాదు. సగటు వరసగా ఐదు రోజులు 10 డిగ్రీలు దాటితే వేసవి. దేశం దక్షిణ కొసకు ఫిబ్రవరిలోనే చేరే వసంతం ఉత్తరాదికి వెళ్లేసరికి నెలలు పడుతుంది, ఆ ప్రయాణాన్ని పటం మీద గీసి ప్రజలకు చూపిస్తారు. ఉష్ణోగ్రత ఆ కొలతకు దిగకపోతే కొన్ని ఏళ్లలో దక్షిణాన చలికాలం రానేలేదని ప్రకటిస్తారు. ఒక ప్రభుత్వ సంస్థ ఈ ఏడు ఇక్కడ ఆ ఋతువు రాలేదని చెప్పగలగడంలో ఎంతో నిజాయితీ ఉంది.

తెలుగు రైతుకు ఆ తరహా ఆలోచన కొత్త కాదు. నెలల పట్టికను పక్కనపెట్టి అతడు కార్తెలు పట్టుకున్నాడు. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే పదమూడు పద్నాలుగు రోజుల చొప్పున ఏడాదికి ఇరవై ఏడు కార్తెలు. రోళ్లు పగిలే రోహిణి మే 25 ప్రాంతంలో, మృగశిర జూన్ 8 ప్రాంతంలో, ఆరుద్ర జూన్ 22 ప్రాంతంలో. అధికమాసం వచ్చినా రాకపోయినా ఇవి చెదరవు, ఉగాది మాదిరిగా 2023లో మార్చి 22న వచ్చి 2024లో ఏప్రిల్ 9కి దూకవు. పైగా ఆ సామెతల్లో షరతులున్నాయి. ఉత్తర చూసి ఎత్తర గంప అన్నప్పుడు, ఉత్తర కార్తె దాకా చూడు, వాన లేకపోతే తట్టాబుట్టా సర్దుకో అని చెప్పడమే. వాన పడితీరుతుందని అందులో ఎక్కడా హామీ లేదు.

అంతమాత్రాన కార్తెలను శాశ్వత సత్యాలుగా నెత్తికెత్తుకోవడమూ తప్పే. అవి కూడా నిరయన లెక్కలే, అవీ జరిగిపోతున్నాయి. రాజరాజ నరేంద్రుడి కొలువులో నన్నయ ఉన్న నాటికీ ఇప్పటికీ వెయ్యేళ్లు. వెయ్యేళ్లకు పద్నాలుగు రోజులు, అంటే నిండుగా ఒక కార్తె. నన్నయ కాలపు రైతుకు మృగశిర ప్రవేశించిన సమయానికి ఇప్పుడు రోహిణి ప్రవేశిస్తోంది. అంటే తరతరాల రైతులు సామెతల్ని ఎప్పటికప్పుడు వాన పక్కన పెట్టి సరిచూసుకుంటూ, పనికిరానివి వదిలేస్తూ వచ్చి ఉండాలి. ఆ సరిచూసే అలవాటే కాపాడుకోవలసిన సంపద.

ఈ మాటలన్నీ పండిత చర్చగా కొట్టిపారేసేవాళ్లు పత్తి చేను గట్టున నిలబడి ఆలోచించాలి. 2025లో ఋతుపవనాలు మే 24నే కేరళకు వచ్చాయి. 2009 తర్వాత అంత ముందుగా రావడం అదే మొదలు. రెండు మూడు రోజుల్లోనే తెలుగు రాష్ట్రాలను తాకాయి. వానాకాలం వచ్చేసిందని అందరూ సంబరపడ్డారు. ఆ వెంటనే మే నెలాఖరు నుంచి జూన్ మధ్య దాకా ఋతుపవనాలు ముందుకు కదలలేదు. వాతావరణ శాఖ కేరళ ప్రకటనకు పాటించే నియమం చాలా కట్టుదిట్టమైనది. మినికాయ్ నుంచి మంగళూరు దాకా ఎంచుకున్న 14 కేంద్రాల్లో 60 శాతం, మే 10 తర్వాత వరసగా రెండు రోజులు 2.5 మిల్లీమీటర్లో అంతకు మించో వాన నమోదు చేయాలి. దానికి తోడు పడమటి గాలుల లోతు, వేగం, మేఘాల దట్టదనం సరిపోవాలి. ఆ నియమం కేరళ తీరానికి రాసినది. దాన్ని ఆదిలాబాద్ నల్లరేగడిలో విత్తనం వేసే ముహూర్తంగా వాడితే మొలక ఎండిపోతుంది, రైతు రెండోసారి విత్తనాల దుకాణానికి వెళ్లి అప్పు రాయించుకోవాలి.

ఆ రైతుకు పనికొచ్చే నిర్వచనం వ్యవసాయ శాస్త్రజ్ఞుల దగ్గర ఎప్పటినుంచో ఉంది. నేల రకాన్ని బట్టి 50 నుంచి 75 మిల్లీమీటర్ల వాన పడి, నేల బాగా తడిశాకే పత్తి విత్తమని వాళ్లు ఏటా చెబుతారు. వానాకాలం మొదలైందనడానికి ఇంతకు మించిన గీటురాయి లేదు. దీనికి తిథి అక్కర్లేదు, అయనం అక్కర్లేదు, కేరళ కబురు కూడా అక్కర్లేదు.

ఒకే రాష్ట్రంలో ఋతువు రెండు రకాలుగా ఉంటుందన్న సంగతీ ఆరు ఋతువుల పట్టిక దాచేస్తుంది. నెల్లూరుకు ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు నెలల మధ్య ఈశాన్య ఋతుపవనాల నుంచి వస్తుంది. శ్రావణ భాద్రపదాలు వర్ష ఋతువన్న పాఠం అక్కడి పిల్లవాడి అనుభవానికి ఆమడ దూరం. 2021 నవంబరు 19, కార్తీక పున్నమి. వెన్నెల కాసే శరదృతువని పుస్తకంలో ఉన్న ఆ రోజునే చెయ్యేటి మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి పులపత్తూరు లాంటి ఊళ్లు కొట్టుకుపోయాయి. 1977 దివిసీమ ఉప్పెన కూడా నవంబరు 19నే, అదీ కార్తీకమే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను చిన్నాభిన్నం చేసింది ఆశ్వయుజంలో. ఆంధ్ర తీరానికి ఆశ్వయుజ కార్తీకాలు తుపానుల ఋతువు. ఆ తీరపు పిల్లలకు ముందుగా నేర్పాల్సిన పాఠం అదే. ఆ నెలల్ని నిర్మలమైన ఆకాశపు కాలమని నేర్పడం ప్రమాదకరం.

తేదీలు లేకపోతే ప్రభుత్వం ఎలా నడుస్తుందని అడగవచ్చు. నీటి సంవత్సరం జూన్ 1న మొదలవుతుంది, రెవెన్యూ లెక్కల ఫసలీ సంవత్సరం జులై 1న మొదలవుతుంది. ఖాతాలకు ఒక మొదలు కావాలి కాబట్టి ఆ తేదీలు ఉండాల్సిందే, వాటిని ఋతువులని ఎవరూ భ్రమపడరు కూడా. పూజలో సంకల్పం చెప్పుకునే ఋతువు పేరునూ ఎవరూ మార్చనక్కర్లేదు. అది ఆచారానికి సంబంధించిన గుర్తు, దాని గౌరవం దానిది. అభ్యంతరమల్లా ఆ గుర్తును మూడో తరగతి పరిసరాల విజ్ఞానంలో ప్రకృతి నియమంగా చెప్పడం మీద, ఉగాది పంచాంగ శ్రవణంలో వానల లెక్కలు చదివితే వాటిని మొదటి పేజీల్లో వార్తగా వేయడం మీద.

ఋతువును కొలిచి ప్రకటించడానికి కొత్త యంత్రాంగం కూడా అవసరం లేదు. తెలంగాణలో మండలాల వారీగా ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలున్నాయి, ఆంధ్రప్రదేశ్‌లోనూ ఉన్నాయి. ఏ మండలంలో నిన్న ఎన్ని మిల్లీమీటర్లు పడిందో ఉదయానికల్లా తెలుస్తుంది. ఆ అంకెలను నేల రకంతో కలిపి, ఫలానా మండలంలో ఈ రోజు వానాకాలం మొదలైంది, పక్క మండలంలో ఇంకా మొదలు కాలేదు, విత్తనం పెట్టవద్దు అని వ్యవసాయ శాఖ ప్రకటించాలి. వేసవికి గరిష్ఠ ఉష్ణోగ్రతను, తీరానికి సముద్రపు వేడినీ అల్పపీడనాలనూ కొలతలుగా పెట్టుకోవాలి. బడి ఆవరణలో ఒక వర్షమాపకం, ఒక ఉష్ణమాపకం పెట్టి, వాటి అంకెలను పిల్లల చేతనే రోజూ రాయించాలి. మూడేళ్లు రాస్తే తమ ఊరికి ఎన్ని ఋతువులున్నాయో, అవి ఏ నెలల్లో మొదలవుతున్నాయో వాళ్లే లెక్కతేలుస్తారు. ఉట్నూరు బడిలో వచ్చే జవాబు ఒకటి, సూళ్లూరుపేట బడిలో వచ్చేది మరొకటి. రెండింటికీ పూర్తి మార్కులు వేయాలి.